ఈత రాకపోయినా పర్వాలేదు

2022 ఏప్రిల్ 4న మా జిల్లాకు సముద్రం వచ్చింది. మేం ఎక్కడికీ పోలేదు, సముద్రమూ జరగలేదు. పాత చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా చేసినప్పుడు నెల్లూరు వైపు నుంచి సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట, పులికాట్ సరస్సు మాతో కలిశాయి. అప్పటిదాకా చంద్రగిరి పక్కన పల్లెలో పెరిగిన నాకు పడవ అంటే తెప్పోత్సవమే. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేట్టు ఐదు రోజులు తిరుమల పుష్కరిణిలో దేవుడు తెప్పెక్కి తిరుగుతాడు, మనం మెట్ల మీద కూచుని చూస్తాం. నీళ్ళ మీద దేవుడు, గట్టు మీద మనం. ఈ ఏర్పాటు మీద నాకెప్పుడూ ఫిర్యాదు లేదు.

ఈ వ్యాసం పుస్తకం గురించి కాదు, రెండు పేజీల పీడీఎఫ్ గురించి. పోయినేడాది ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి మా ఆఫీసు టీమంతా గోవా పోయాం. గోవా తీరానికి కాస్త దూరంలో గ్రాండే ఐలాండ్ అని ఒక దీవి ఉంది. వానాకాలం వదిలేస్తే, అక్టోబర్ నుంచి మే దాకా అక్కడికి రోజూ పార్టీ బోట్లు పోతాయి. పాటలు, బీరు, దారిలో డాల్ఫిన్లు, దీవి దగ్గర లంగరు వేసి స్నార్కెలింగ్, మధ్యాహ్నం భోజనం, వెనక్కి. మేం టికెట్లు కొన్న సంస్థ వాళ్ళు ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఆ పీడీఎఫ్ పంపారు. రేపు పడవలో మీకు ఏమేం ఎదురవుతాయో చెప్పే కాగితం. అందరూ థమ్సప్ బొమ్మ పెట్టి పడుకున్నారు. నేను మాత్రం రెండు గంటల దాకా మళ్ళీ మళ్ళీ చదువుతూ కూచున్నా. కవిత్వాన్ని కూడా నేను అంత శ్రద్ధగా చదివిన గుర్తు లేదు.

కారణం మూడో లైన్. ఈత రాకపోయినా పర్వాలేదు. పీడీఎఫ్ ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతున్నా. తెలుగులో చెబితేనే ఆ వాక్యం గుట్టు తెలుస్తుంది కూడా. పర్వా అంటే పట్టింపు, ఉర్దూ నుంచి వచ్చిన మాట. పర్వా లేదు అంటే పట్టింపు లేదు. ఎవరికి? రాసినవాళ్ళకా, సముద్రానికా, నాకా? నాకైతే ఉంది.

నాకు ఈత రాదు. రాకపోవడానికి కారణం మా పెదనాయన కొడుకు. మా పల్లెల్లో పిల్లోళ్ళకు ఈత నేర్పాలంటే వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బాయిలోకి తోసేవాళ్ళు. బుర్ర తేలుతుంది, దాంతో పిల్లోడు తేలతాడు, నాలుగు రోజులకు కాళ్ళూ చేతులూ ఆడించడం వస్తుంది, తర్వాత బుర్ర తీసేస్తారు. నాకు ఆరేళ్ళు, అన్నకు పన్నెండు. కట్టిన తాడు వదులైంది. బుర్ర పైకి తేలింది, అన్న తేలలేదు. ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను బాయి గట్టు కూడా ఎక్కనియ్యలేదు. ఆ బాయి తర్వాత నాలుగైదేళ్ళకే ఎండిపోయింది, చుట్టుపక్కల అంతా బోర్లు వేసినాక. దాన్ని పూడ్చేసిన చోట ఇప్పుడు మామిడి చెట్లున్నాయి. భయం మాత్రం పూడలేదు.

సరే, పీడీఎఫ్‌కి వద్దాం. దాని నిర్మాణం చూడండి. మొదట బీరు, అదీ అపరిమితం. తర్వాత డీజే. తర్వాత స్నార్కెలింగ్ సరంజామా ఇస్తామని, ఈత రాకపోయినా పర్వాలేదని. తర్వాత భోజనం, శాకాహారులకు వేరే. ఫొటోలు, వీడియో, వాటికి అదనపు రుసుము. రెండో పేజీ చిట్టచివర, అక్షరాల సైజు సగానికి తగ్గించి: పాల్గొనేవారు తమ సొంత బాధ్యత మీద పాల్గొనాలి. అంటే మూడో లైన్లో పర్వాలేదన్న గొంతే ఆఖరి లైన్లో పర్వా నీదే అంటోంది. కథల్లో ఇలాంటి వాడిని నమ్మరాని కథకుడు అంటాం, విమర్శకులకు భలే ఇష్టం. పడవ ఎక్కబోయేవాడికి అంత ఇష్టం ఉండదు.

ఇంకో సంగతి, క్రియలు. మీరు రంగురంగుల చేపల్ని చూస్తారు. మీరు పగడపు దిబ్బల మీద తేలిపోతారు. మీరు ఈ అనుభవాన్ని జీవితాంతం మర్చిపోరు. నాకిది ఉగాది పంచాంగంలో రాశిఫలాలు చదివినట్టుంది. విదేశయానం కలదు, ధనలాభం కలదు. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1996 జనవరిలో హార్పర్స్ పత్రికలో ఒక కరీబియన్ క్రూజ్ మీద చాలా పెద్ద వ్యాసం రాశాడు, మరుసటి ఏడు అది పుస్తకంలోకి వచ్చింది. మనలో చాలామంది చదివే ఉంటారు. క్రూజ్ కంపెనీ బ్రోషరు నువ్వు ఆనందించవచ్చు అనదు, ఆనందిస్తావు అంటుంది. ఆ ఆనందాన్ని చెడగొట్టుకునే అవకాశం కూడా నీకు ఇవ్వదు అని అందులో పట్టుకున్నాడు. గొప్ప చదువరి. కానీ ఆయన చిరాకంతా తనను మరీ ఎక్కువగా సేద తీరుస్తున్నారని. నాలాంటి వాడి చిరాకు దానికి ముందు మెట్టు దగ్గరే ఉంది. నిచ్చెన దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో ఆ కాగితం ఎందుకు చెప్పలేదు?

ఇక్కడ నాకు తెలుగు మీద ఒక ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో రేపు జరగబోయేదానికి ఒక రూపం, రోజూ జరిగేదానికి ఇంకో రూపం. తెలుగులో రెంటికీ ఒకటే. రేపు మా మామ వస్తాడు. పాలవాడు పొద్దున్నే వస్తాడు. మొదటిది జోస్యం, రెండోది అనుభవం, క్రియ మాత్రం మారలేదు. రోజూ జరిగే స్వభావాన్ని చెప్పే క్రియను తద్ధర్మం అంటారని పదో తరగతిలో తెలుగు అయ్యవారు చెబితే మార్కుల కోసం బట్టీ పట్టాను. పడవ ఊగుతుంది అనే తెలుగు వాక్యాన్ని ఇద్దరు చెప్పొచ్చు. టికెట్ అమ్మేవాడు చెప్పొచ్చు, వంద సార్లు ఊగడం చూసినవాడు చెప్పొచ్చు. వాక్యం చూసి తేడా కనిపెట్టలేం. చెప్పేవాడిని చూడాలి.

మన తొలి యాత్రా రచనల్లో ఒకటి ఆ రెండో రకం మనిషి రాసింది. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయలుదేరి, మా తిరుపతి మీదుగా కడప వైపు పోయి, కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబర్ 3న తిరిగి మద్రాసు చేరాడు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి రాస్తూ వచ్చింది 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగొచ్చింది, ఎందుకు దాచాలి. ప్రతి ఊళ్ళోనూ అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఇసకా రాళ్ళా, నీళ్ళెట్లాంటివి. అలాంటివి దాటేసి దేశకాలాల మీద ఆయన వ్యాఖ్యలు ఏరుకుని చదివాను. గోవా హోటల్ గదిలో ఆ రాత్రి, నేను దాటేసిన పేరాలే సాహిత్యమని తట్టింది. ఆయన తన వెనక రాబోయే మనిషిని తలుచుకుంటూ రాశాడు. ఆ మనిషికి దాహం వేస్తుంది, కాళ్ళు నొప్పి పుడతాయి, చీకటి పడేలోగా ఎక్కడో ఆగాలి.

ఇప్పుడు మనం వెబ్‌లో రాసుకునే యాత్రా వ్యాసాల్లో ఆ మనిషి మాయమయ్యాడు. నేను రాసినవాటితో సహా. సాయంత్రం వెలుగు నీళ్ళ మీద పడితే మనకేమనిపించిందో రెండు పేజీలు రాస్తాం, బస్సు ఎక్కడ ఎక్కాలో రాయం. మల్లాది వెంకట కృష్ణమూర్తి తన ట్రావెలాగుల్లో ఇలాంటి పనికొచ్చే సంగతులు పట్టించుకుంటాడు, అందుకే కాబోలు విమర్శకులు వాటి జోలికి పెద్దగా పోరు. పనికొచ్చే రాత అనేసరికి మనకు చిన్నచూపు.

సినిమాలూ అంతే. పడవ ప్రయాణం అనగానే మనవాళ్ళందరికీ రెండు గుర్తొస్తాయి. బాపు, ముళ్ళపూడి వెంకటరమణల 'అందాల రాముడు' 1973లో, శేఖర్ కమ్ముల 'గోదావరి' 2006లో. రెండూ భద్రాచలం పోయే పడవలే. రెండింట్లో పడవ ఒక చిన్న ఊరు. డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు, ప్రేమ, తగువు, వంట. కమ్ముల సినిమా నాకు ఇప్పటికీ ఇష్టం, అందులో కుక్కకు కూడా సొంత అభిప్రాయాలుంటాయి. కానీ ఆ రెండు పడవల్లో నీళ్ళు చూడ్డానికున్నాయి. నీళ్ళంటే వణికే మనిషి ఒక్కడూ నాకు ఆ కథల్లో గుర్తులేడు. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం, పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ధర్మాడి సత్యం బృందం దాన్ని నది అడుగు నుంచి లాగి తీసేసరికి అక్టోబర్ 22. ఆ తర్వాత 'గోదావరి' ఎప్పుడు పెట్టుకున్నా పాటల మధ్యలో నా కళ్ళు లైఫ్ జాకెట్ల కోసం వెతుకుతాయి. సినిమా తప్పు కాదు అది. పర్వాలేదు అనే మాట నీళ్ళ మీద ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

రాయలసీమ వాళ్ళం మేం నీళ్ళ గురించి రాయలేదా అంటే, రాసిందంతా నీళ్ళ గురించే. కాకపోతే లేని నీళ్ళ గురించి. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' ఎండిన పెన్న మీద కావ్యం. బోర్లు, కరువు, వలస, ఈ మూడు మాటల్లో మా కథల బీరువా సగం నిండుతుంది. లోతు అనగానే మాకు బోరు ఎన్ని అడుగులని గుర్తొస్తుంది, మనిషి మునిగే లోతు కాదు. కాబట్టి సముద్రంలో ముఖం పెట్టి గాలి పీల్చడానికి తెలుగులో మాటలే లేవని నాకు నేను తీర్మానించుకుని, ఆ తీర్మానంతోనే పొద్దున పడవెక్కాను. దాని మీద ఒక వ్యాసం కూడా మనసులో మొదలుపెట్టేశాను, అదీ నా అలవాటు.

పడవలో మొదటి గంట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బీరు పొద్దున పదింటికే తెరిచారు. నీళ్ళలోకి దిగబోయేవాళ్ళకు ముందే తాగించడం ఎంత తెలివితక్కువ పనో ఆ పీడీఎఫ్‌లో ఉండాల్సింది. డాల్ఫిన్లు రెండుసార్లు వీపు చూపించి పోయాయి. కడుపులో తిప్పేవాళ్ళు ఎక్కకముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అదీ బయటికొస్తుంది. మా టెస్టింగ్ లీడ్ ఈ విషయం నిరూపించాడు.

లంగరు వేశాక నీళ్ళు చూశాను. కాగితంలో బొమ్మ మాల్దీవుల నీళ్ళలా ఉంది. ఎదురుగా ఉన్నది గోవా సముద్రం, పచ్చగా, కాస్త మట్టిగా, నాలుగైదు మీటర్లు దాటితే ఏమీ కనపడని నీళ్ళు. నాకు జాకెట్ తొడిగారు. బకిల్ పెట్టేటప్పుడు నేను నాలుగుసార్లు లాగి చూశాను. ఐదోసారి లాగుతుంటే చేతులు వణుకుతున్నాయి. అమ్మా అన్నానట, నాకు తెలీదు.

"తెలుగోరా బాబూ?"

తాళ్ళ పని చూసుకునే మనిషి. యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. ముందు చేపల బోట్ల మీద చాలా ఏళ్ళు చేశాడట, ఒళ్ళు సహకరించక ఇక్కడ చేరాడు. ఈత రాదని చెప్పాను. పర్వాలేదు అనలేదు. ఒక్క క్షణం నా జాకెట్ తాళ్ళు చూసి, మళ్ళీ బిగించి, ఇలా చెప్పాడు. ఆ రోజే ఫోన్‌లో రాసుకున్నా కాబట్టి దాదాపు ఇవే మాటలు.

"ముందు భయమేస్తాది. ముక్కుతో పీల్చబోతారు, గాలి రాదు. గొంతు పట్టేసినట్టుంటాది. అందరికీ అలాగే ఉంటాది బాబూ. తల ఎత్తేయండి, పైన గాలి ఉంటాది కదా. రెండోసారి నోటితో పీలిస్తే వస్తాది. ఈ జాకెట్టు మిమ్మల్ని నిలబెట్టేయాలని చూస్తాది, దాంతో తగువు పెట్టుకోకండి, రింగు పట్టుకుని బోర్లా పడుకోండి. రెండు గుక్కలు ఉప్పునీళ్ళు మింగుతారు. ఏటవదు. నేను రింగు వదల్ను."

పీడీఎఫ్‌లో రెండు పేజీల మాటలు ఉన్నాయి, ఇందులో పది పన్నెండు చిన్న వాక్యాలు. ప్రతి వాక్యం నా శరీరంలో ఒక చోటుని ముట్టుకుంది. ముక్కు, గొంతు, తల, నోరు, బోర్లా పడుకునే పొట్ట. ఒక్క చేప లేదు. జీవితాంతం లేదు. మర్చిపోరు లేదు. ఉన్న క్రియలన్నీ 'తాది'లే. మా చిత్తూరు మాటలోనూ అంతే, భయమేస్తాది, వస్తాది, పోతాది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పుస్తకాల్లో ఎక్కి కూచున్న 'తాది' అదే. రాష్ట్రానికి ఆ కొసనా ఈ కొసనా ఉన్న ఇద్దరం, మధ్యలో ఉన్న పుస్తకాల తెలుగుని దాటేసి ఒకే క్రియ మీద కలిశాం. ఆయన 'ఉంటాది' జోస్యం కాదు. వందల మంది గొంతు పట్టేయడం, తల ఎత్తడం, మళ్ళీ దిగడం చూశాక వచ్చిన 'ఉంటాది'. మాటలు లేనిది తెలుగుకు కాదు, నాకు. నా తెలుగుకు బాయి గట్టు దగ్గరే ముళ్ళకంచె వేశారు.

దిగాను. నిచ్చెన మీద వెనక్కి తిరిగి దిగాలి, మేడ మెట్ల మీదలా ముందుకి కాదు. మాస్కు అద్దం లోపల ఉమ్మి పూసి కడిగితే ఆవిరి పట్టదు. ఇవి ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. మొదటిసారి ముక్కుతో పీల్చాను, గాలి రాలేదు, గొంతు పట్టేసింది, తల ఎత్తాను. అందరికీ అలాగే ఉంటుందన్న మాట అప్పుడు పనికొచ్చింది. నాకు ప్రత్యేకంగా ఏదీ జరగట్లేదు. అన్నకు జరిగింది నాకు జరగట్లేదు. నలుగురికీ జరిగేదే నాకూ జరుగుతోంది. రెండోసారి నోటితో పీల్చాను. గొట్టంలో నా ఊపిరి నాకే వినపడింది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

చూసిందేమిటి అని అడుగుతారు కదా. కొన్ని రాళ్ళు, వాటి మీద అంతంతమాత్రం పగడాలు, పసుపు మీద నల్ల చారల చేపలు ఒక ఇరవై. నీటి వక్రీభవనం వల్ల నిజానికున్న దానికంటే మూడో వంతు పెద్దగా కనపడతాయని ఇంజనీరింగ్ బుర్ర లెక్క చెబుతూనే ఉంది. ఒక చేప నా మాస్కు దాకా వచ్చి, ఆసక్తి పోయి, వెళ్ళిపోయింది. పది నిమిషాలు. రింగు తాడు అవతలి కొస ఆయన చేతిలో ఉంది. నేను నాలుగైదు సార్లు తల తిప్పి చూశాను, వదిలాడేమోనని. వదల్లేదు. ఫొటోలకు అదనపు రుసుము కట్టలేదు కాబట్టి సాక్ష్యం లేదు.

వెనక్కి వస్తుంటే డీజే పాట మార్చమని మావాళ్ళు గొడవ. సంస్థ వాళ్ళు ఫీడ్‌బ్యాక్ లింకు పంపారు, ఐదు నక్షత్రాల్లో ఎన్ని అని. ఆ మూడో లైను తీసేసి మీ పడవ మీదే పనిచేసే ఆయన్ని అడిగి రాయించండి అని రాశాను. జవాబు రాలేదు. ఆయన దగ్గర సెలవు తీసుకునేటప్పుడు పేరు అడగాలని తోచలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఈ జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్‌కి అమ్మను సూళ్ళూరుపేట తీసుకుపోయాను. నేలపట్టులో పక్షుల్ని చూశాక భీమునివారిపాళెం దగ్గర పులికాట్‌లో పడవ షికారు. మన జిల్లా సముద్రం చూద్దువు రా మా అని పిలిచాను. నిజానికి అది ఉప్పు సరస్సు, అంత లోతు కూడా ఉండదు. అమ్మకు నారింజ రంగు జాకెట్ తొడిగి బకిల్ పెట్టాను. ఆమె దాన్ని చేత్తో తడిమి, "సొరబుర్ర మాదిరుందే" అనింది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాళ్ళేదు.

"ముందు ఊగుతాది మా," అన్నాను. "కడుపులో ఒక మాదిరిగా ఉంటాది. పక్కకు చూడొద్దు, దూరంగా చూడు. ఐదు నిమిషాలకి అలవాటైపోతాది. అందరికీ అంతే."

అమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వెప్పుడు చూసినావు రా?"

గోవా సంగతి అప్పుడు చెప్పాల్సొచ్చింది.